నదివేపు డబ్బా

గుణుపురం స్టేషను రోడ్డులో
రెండు కొట్ల నడుమ ఒకే గోడ,
గోడలో నాలుగిటుకలు లేని కంత.
ఇటు తవిటమ్మ కుట్టుమిషను,
అటు దండపాణి జెరాక్సు.
ఇద్దరికీ ఒకే నీళ్లక్యాన్ల కుర్రాడు, ఒకే ఖాతా,
కంతలో వెల్లకిలా పడుకున్న ఒక పలక.

ఆవిడకది మిషను పక్క గూడు,
ఆయనకది కాగితం కట్టల వెనక కన్నం.
ఎవరి చిరునామా వారిది,
వేలు ఆనేది మాత్రం ఒకే నల్లరాతికి.
వంశధారని ఆయన బంశధారా అంటాడు.
తడిసేది ఆ నీళ్లలోనే.

కాలేజీ లాబ్‌లో నేను చెప్పే పాఠమూ ఇదే:
ఒకదాని గదిలోకి ఒకటి తొంగిచూడలేని రెండు ప్రాసెస్‌లు
కెర్నెల్‌ని అడిగి ఒక్క ముక్క మెమరీని ఉమ్మడి చేసుకుంటాయని.
బోర్డు మీద పెట్టెలు గీసి, బాణాలు వేసి,
పిల్లల మొహాల్లో ఏమీ వెలక్క
పంట్లాం అంచు కుట్టించుకుందామని పోయిన సాయంత్రం
తవిటమ్మ తిడుతోంది:
"నానారు ఏస్తే తొమ్మిదంతాడేటి బాబూ!"
పడుకున్న పలక మీద ఇటు ఆరు
అటు తొమ్మిదే మరి.
ఆ రోజునించి అంకె కింద గీత.

ఓసారి ఆవిడ పర్లాకిమిడి పెళ్లికి పోతూ
"క్యాను డబ్బులు కుడేపు డబ్బాలో" అని రాసిపోయింది.
దండపాణి కూడబలుక్కుని చదివి
తన కుడివేపు డబ్బా మూత తీస్తే
గుండీలు.
తన చోటునించి చెప్పిన గుర్తు
అవతలివాడి చోట గుర్తు కాదు.
కుడీ వద్దు ఎడమా వద్దనుకున్నారు.
ఒకటి నదివేపు డబ్బా, ఒకటి స్టేషన్‌వేపు డబ్బా.

మరో మధ్యాహ్నం, రెండు కొట్లకీ రెండు క్యాన్లు దిగాయి.
తవిటమ్మ తొంగిచూసింది: పద్దెనిమిది.
దండపాణి తొంగిచూశాడు: పద్దెనిమిది.
ఈవిడ సగం కుట్టు ముగించి వచ్చి పంతొమ్మిది వేసింది.
ఆయన చిల్లర ఇచ్చి వచ్చి, చూడకుండా చెరిపి,
పంతొమ్మిది వేశాడు.
ఇద్దరూ నిజమే రాశారు.
పలక అబద్ధమాడింది.
నెలాఖరుకి కుర్రాడు ఒక క్యాను కోసం
ఒడియాలో ఏడ్చి, తెలుగులో ఒట్టేసి,
ఖాళీ చేతుల్తో పోయాడు.

అప్పటినించి సుద్దముక్క ఒక్కటే.
అది చేత పట్టుకున్నాకే చూడాలి,
చూసి రాయాలి,
రాసి మళ్లీ పలక మీద పెట్టాలి.
బాగానే సాగింది,
తవిటమ్మ సుద్దని బొడ్లో దోపుకుని
నౌపడా బండెక్కిన రోజుదాకా.
క్యాన్లు దిగుతున్నాయి, పలక చూస్తోంది,
దండపాణి చీకటి పడేవరకూ
గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.
తన డ్రాయరు నిండా పెన్నులున్నాయి.
మాటంటే మాటే.

నేను అవన్నీ క్లాసులో చెప్పాను.
పిల్లలు గీతలు గీసుకున్నారు, పరీక్షలో రాశారు.

ఈ వేసవి దండపాణి రాయగడ మకాం మార్చాడు.
తవిటమ్మ మిషను మోకాళ్ల నొప్పితో ఆగింది.
నిన్న లాబ్‌లో ఝునూ పాణిగ్రాహి
తెర మీద ఒక ముక్కని చూపించాడు:
సృష్టించిన ప్రాసెస్ పోయింది, వాడుకున్నదీ పోయింది,
అంటుకుని ఉన్నవాళ్లు సున్నా.
ముక్క మాత్రం అక్కడే, లోపలి అంకెలతో సహా.
"తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు సార్, అందుకు.
తీసెయ్యనా?"
నేను నోరు తెరిచేలోగా ఎంటర్ నొక్కేశాడు.
తప్పేం లేదు. శుభ్రంగా ఉండాలి కదా.

సాయంత్రం స్టేషను రోడ్డుకి పోయాను.
రెండు షట్టర్లూ సగం ఎత్తున్నాయి, రంగులేస్తున్నారు.
కంతలో పలక ఉంది.
ఇరవైమూడు, కింద గీత.
స్టేషన్‌వేపు డబ్బాలో గుండీలు, నదివేపు డబ్బా ఖాళీ.
సుద్దముక్క లేదు.

మోకాళ్ల మీద కూచుని వెతికాను,
ఇటుకపొడిలో, కత్తిరింపు గుడ్డల్లో.
రాయడానికి కాదు.
ఇంకా ఎవరి బొడ్లో ఉందోనని.