పంటు రాని రోజు

తుఫాను షెల్టరు పై అంతస్తే మా బడి.
వరదొచ్చినప్పుడు బియ్యం తూచే కాటా
వేలాడదీస్తారే, ఆ ఇనప కొక్కేనికి
ఎనిమిది చీర పీలికలు కట్టాను.
అందులో ఒకటి చీర కాదు.
"మా అమ్మ నైటీ అండీ" అని
దీవెన అందరికీ చెప్పేసింది.

జడ కోలాటానికి సరి సంఖ్య కావాలి.
నలుగురు ఇటు, నలుగురు అటు,
ఒకసారి ఎదుటివాళ్ళ పీలిక మీదుగా,
ఒకసారి కిందుగా.
ఆ పొద్దున వైనతేయకి పాటు.
పంటు అవతలి రేవులో ఇసక మీద కూర్చుంది,
పంటులో లోవరాజు కూర్చున్నాడు.
ఇక్కడ ఏడుగురు.

నాకు జవాబు తెలుసు.
ఒక పీలిక పైకి చుట్టేసి
ఒకర్ని పక్కన తాళం వెయ్యమంటే సరి,
ఆరుగురితో జడ చక్కగా పడుతుంది.
ఆ జవాబుని వక్కలా బుగ్గన పెట్టుకుని
నమలకుండా, ఉమ్మకుండా
స్టూలు మీద కూర్చున్నాను.
ట్రైనింగులో ఇది ఎవరూ నేర్పలేదు.
నాకు కోలాటం నేర్పిన సూరన్న తాత మాత్రం
"కాలు తప్పినోడికే తాళం తెలుస్తాదమ్మా" అనేవాడు.

తప్పారు.
రెండో చుట్టుకే బుల్లిరాజూ అఫ్సానా
నుదురూ నుదురూ కొట్టుకున్నారు.
కాలవ గట్టు మీద ఎదురుపడ్డ
రెండు కొబ్బరి లారీల్లా
ఎవరూ వెనక్కి తగ్గరు.
పైన పీలికలు చిక్కుపడి
పిచ్చిక గూడంత ముడి.
"కత్తెరుందాండీ?" అన్నాడొకడు.
లేదన్నాను. సొరుగులో ఉంది.

వచ్చిన దారినే వెనక్కి నడవాలని
అఫ్సానాకి తోచింది.
కానీ వెనక్కి వేసే అడుగు కాలికి గుర్తుండదు,
నోటికే గుర్తుండాలి.
పొద్దున్నుంచీ అంటున్న తకిట తకధిమి
తిరగేసి అన్నారు:
మిధికత టకిత, మిధికత టకిత.
నవ్వుతో నాలిక తిరగక
ముడి విప్పుకోవడానికి గంట పట్టింది.
లెక్కల పీరియడు అందులో కలిసిపోయింది.

బయట రొయ్యల చెరువులో ఏరేటర్లు
నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.
వాటితోపాటు వేళ్ళు మడుస్తూ మడుస్తూ
దీవెన ఆగిపోయింది.
"టీచరండీ, మనం అనేదాంట్లోనే ఏడుందండీ!"

తకిట మూడు. తకధిమి నాలుగు.
ముగ్గురు తమ పీలికలు పట్టుకుని
స్తంభాల్లా నిలబడి మూడు దెబ్బలు వేస్తే
నలుగురు ఆ స్తంభాల మధ్య నాలుగడుగులు అల్లుతారు.
ఆవృతం తిరగ్గానే స్తంభాలు మారాలి.
ఎవరు మారాలి? ఎన్నిసార్లు?
గోడ మీద సుద్దగీతలు పెట్టుకున్నారు.
బుల్లిరాజుకి ఆడే వంతు ఒకటి ఎక్కువొచ్చింది.
ఆ తగువు ఇప్పటికీ తేలలేదు.

జడ పడింది.
ఒకచోట లావు, ఒకచోట సన్నం,
అద్దం లేకుండా అల్లుకున్న పిల్ల జడలా.
బుగ్గనున్న జవాబు
ఎప్పుడు కరిగిపోయిందో చూసుకోలేదు.

మర్నాడు పోటు.
చెప్పులు చేత్తో పట్టుకుని
లోవరాజు అందరికంటే ముందొచ్చాడు.
ఎనమండుగురు.
మొదటిసారికే జడ నున్నగా,
పైనుంచి కిందికి ఒకే తీరున దిగింది.
పిల్లలు తలెత్తి దాన్ని చూశారు.
చప్పట్లు లేవు.
"అంతేనాండీ?" అన్నాడు బుల్లిరాజు.

లోవరాజు తన కాళ్ళకేసి చూసుకున్నాడు,
తనేదో తొక్కేసినట్టు.
అది చూసిందో ఏమో,
దీవెన నా చున్నీ కొస పట్టుకుంది.
"ఇది కూడా కట్టెయ్యండి. మీరూ రండి.
తొమ్మండుగురం అయిపోదాం."

స్టూలెక్కి కొక్కేనికి చున్నీ కట్టాను.
దిగాను. కొస చేతిలో ఉంది.
ఇటా, అటా?
తొమ్మిదికి జవాబు నాకు తెలీదు.
ఎనమండుగురూ కదలకుండా
నన్నే చూస్తున్నారు,
బుగ్గల్లో ఏదో దాచుకున్నట్టు.