నేల చెప్పే జవాబు

అబూ హమద్ దాటాక ఎడారిలో
తెల్లవారకముందే మొదలుపెట్టాలి, బఖీత్.
ఎండెక్కితే రాళ్లు కూడా కూస్తాయి.

బెల్టు తియ్యి. ఫోను అవతల పారెయ్యి.
ఆ గునపం నాలుగడుగుల దూరంలో పెట్టు.
పళ్లెంలాంటి ఈ తీగచుట్టని
నేలమీదికి ఎత్తి దించు, ఎత్తి దించు,
మట్టిలో ఇనుప రొద సద్దుమణిగేదాకా.

ఇది బంగారాన్ని చూస్తుందనుకోకు.
ఒక్క విదిలింపు కరెంటు,
వెంటనే చెవి ఒగ్గడం. అంతే దీనికి తెలిసింది.
కింద లోహముంటే
ఆ విదిలింపు దానిలో సుడి తిరిగి,
ఆరిపోతూ ఆరిపోతూ సన్నగా మూలుగుతుంది.
మనకి వినపడేది ఆ మూలుగే.

గడ్డి కోసినట్టు ఊపకు.
మా అమ్మ మట్టిగోడ అలికినట్టు
ప్రతి అలుకూ ముందుదాని మీద సగం పడాలి.
చివర్లో చెయ్యి లేచిందా,
అక్కడున్నది అక్కడే ఉండిపోతుంది.
మోగితే అడ్డంగా తిరిగి మళ్లీ అడుగు.
రెండు దిక్కులా ఒకే మాట చెబితేనే తవ్వు.

ఏడేళ్లలో నాకు దొరికినవి:
సార్డీన్ డబ్బా మూతలు,
ఎవరి యుద్ధానివో తూటా గుల్లలు,
చిక్కుడుగింజంత బంగారం, మూడుసార్లు.

ఆ రాళ్లకుప్ప దగ్గర మాత్రం
స్విచ్ తీసెయ్.
లోతుగా, నిలకడగా, ఏ దిక్కునుంచైనా మోగుతుంది,
నీకు ఆశ పుడుతుంది.
అది పార.
గొయ్యి కూలిన రోజు
మా తమ్ముడు తోమ్ చేతిలో ఉన్నది.

పద. వెలుగొచ్చేలోగా
వాగు అంచు పూర్తిచెయ్యాలి.