తొక్కు, పట్టు, వదులు

పంటు మీద పోయింది క్లచ్చి.
నరసాపురం వెనకబడింది,
సఖినేటిపల్లి రేవు ఇంకా పది బారలు.
కాలికింద పెడలు
నానిన మట్టిలోకి దిగినట్టు దిగిపోయి
మరి పైకి రాలేదు.
రొయ్యల ట్రేలవాళ్ళూ పెళ్ళిమేళంవాళ్ళూ కలిసి
నా హెరాల్డుని ఒడ్డుకి నెట్టారు.
తుంపర పడుతోందని
డోలు నా వెనకసీట్లో పెట్టారెవరో,
మరిచిపోయి ఆటో ఎక్కేశారు.

తప్పు నాదే.
ఆర్నెల్లుగా తెలుసు, సిలిండరు ఏడుస్తోందని.
కొత్తది మద్రాసు నించి తెప్పించి
చుట్టిన తమిళ పేపరైనా విప్పకుండా
డిక్కీలో పెట్టుకు తిరుగుతున్నాను,
వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అని.

ఈ బండికి బానెట్టు మొత్తం ముందుకి వాలుతుంది,
ముందుచక్రమే పీట.
ఆడమనిషి ఆ పీట మీద కూర్చునేసరికి
రేవులో సగంమంది మెకానిక్కులైపోయారు.
"ప్లగ్గులు చూడండమ్మా."
"కాదు కాదు, బ్యాటరీ."
కిళ్ళీకొట్టు ముసలాయన మాత్రం ఏమీ అనకుండా
గొడుగు తెచ్చి స్పానర్ల మీద పట్టాడు.

తల కింద, కాళ్ళు సీటు మీద,
డాష్‌బోర్డు చీకట్లో వేళ్ళతో వెతికాను.
స్ప్లిట్‌పిన్ను తుప్పుకి విరిగి సగమే వచ్చింది.
పైపు నట్టు అసలు కదలనంది,
ఉప్పుగాలి దాన్నెప్పుడో పెళ్ళాడేసింది.
కిరసనాయిలు పోసి, బతిమాలి, తిట్టి,
పావుగంటకి కిర్రుమనిపించాను.

పాతదాంట్లోంచి కారింది
మాడిన డికాక్షను రంగు నూనె.
లోపల రబ్బరు వాషరు పెదవి చిట్లి ఉంది, గోరంత.
ఆ గోరంతకే ఇన్నాళ్ళూ గేర్లు నామీద గుర్రుమన్నాయి.

నూనె తగిలినచోట ఆకుపచ్చ పెయింటు ఉబ్బి ఊడింది.
కింద లేతపసుపు.
పదకొండేళ్ళుగా నాదనుకుంటున్న బండికి
నాకు తెలియని ఒక వయసు.
స్పానరు పట్టుకుని
కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

కొత్తది కూర్చోబెట్టి రెండో బోల్టు బిగిస్తుండగా
సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు డోలు అబ్బులు.
"అమ్మగోరూ, నా డోలు!"
"భద్రంగా ఉంది. ముందు నాకు నీ కాలు కావాలి."

బండికింద తాటాకు చాప, చాప మీద నేను,
నిపిలుకి గొట్టం, గొట్టం చివర హార్లిక్స్ సీసా.
తొక్కు. పట్టు. వదులు.
నాలుగోసారికి అతని కాలికి ఊపొచ్చేసింది
తొక్కుపట్టువదులు తొక్కుపట్టువదులు
నేను నట్టు బిగించేలోగా వదిలేశాడు,
పోయిన గాలంతా వెనక్కి దూరింది.
"గట్టిమేళం కాదయ్యా ఇది!"
"చౌకంలోనాండీ?"
"ఆయ్, చౌకంలో."

అక్కణ్ణించి కాలం తప్పలేదు.
సీసాలో బుడగ,
కొరమీను ఊపిరికి తేలినట్టు, ఒకటి.
ఆగి, ఇంకొకటి.
చాలాసేపటికి, ఆవగింజంత.

"గాలంటే ఇంత బయమేంటండీ?"
"నూనె నలగదు అబ్బులూ, నొక్కిన నొక్కు అవతలికి మోస్తుంది.
గాలి మధ్యలో తనే మింగేస్తుంది."
"డోలుకీ అంతేనండి. తేమ పట్టిందంటే
దెబ్బ లోపలే ఉండిపోద్ది..."
అంటూ అంటూ ఆగిపోయాడు.
ఇద్దరం ఒకేసారి వెనకసీటు కేసి చూశాం.

పెడలు పైకొచ్చింది, గట్టిగా, కోపంగా.
ఫస్టుగేరు చప్పుడు లేకుండా పడింది.
అయినా కదల్లేదు మేం.
ఇంజను తిరగనిచ్చి
రేడియేటరు వేడికి డోలు కాచుకుంటూ
రేవు మెట్లకి పోటు ఎక్కడం చూస్తూ నిలబడ్డాం.
అతను వేలితో మీటి, పెదవి విరిచి,
మళ్ళీ తిప్పి కాచి, మళ్ళీ మీటాడు.

మోరిలో పందిరి దగ్గర దింపేసరికి
రాత్రి పదకొండు దాటింది.
లోపలికి రమ్మన్నారు. మోచేతులదాకా నల్లనూనె,
తాంబూలం దేంతో అందుకోను?

ఇంజను ఆపి బండిలోనే కూర్చున్నాను.
గట్టిమేళం మోగినప్పుడు
నా ఎడమకాలు పెడలు మీద ఉంది.
తొక్కి, పట్టి,
ఇంకా వదల్లేదు.