రాలేదు అని రాసినారంట

మంగళారం నా పేరు కాడ
రాలేదు అని రాసినారంట రిజిస్టర్లో.
మద్దిలేటి, ముప్పై ఆరేండ్లు, దేవనకొండ మండలం.

వచ్చినా సార్.
నాలుగున్నరకే లేసినా.
చీటీ కవర్లో, కవరు జోబిలో, జోబి మీద చెయ్యి.
మా చెల్లెలు హుసేనమ్మ టమోటా కోతకు పోవాల.
పోయిన తూరి నా వెంబడి వచ్చినందుకు
మూడొందల కూలి పాయె,
మేస్త్రీ వారం దాంక పిల్చలేదు.
ఈసారి ఒగన్నే పోయొస్తా అంటి.
మందులు బస్సులో మర్చిపోవద్దన్నా అని రెండుసార్లు చెప్పె.

కోడుమూరు దాంక బాగనే ఉన్నా.
అక్కడ ఎక్కినారు మా ఊరి అల్లుండ్లు ఇద్దరు.
యాడికప్పా పొద్దున్నే, అనిరి.
కండ్లకు, అంటి.
వాళ్లు నవ్వలేదు.
నవ్వనే లేదు సార్. నాకే వినపడె.

పెద్దాసుపత్రిలో చీటీల లైను ఎండలోకి వచ్చుండాది.
ఏ డిపార్ట్‌మెంటు అని అడుగుతాది కిటికీలో ఆయమ్మ.
గట్టిగ చెప్పాల, అద్దానికి బొక్క చిన్నది.
నా ముందర మోకాళ్లు నిలబడుండాయి,
మోకాళ్ల ముందర ఒక చెవి,
నా వెనక చంటిబిడ్డ దగ్గు.
ఎముకలు అని చెప్పొచ్చు, చక్కెర అని చెప్పొచ్చు,
గుండె అంటే జరిగి దోవ ఇస్తారు.
నేను చెప్పాల్సిన మాట
నాలిక మీదనే ఎండిపోయె.
ఈ మందులకు నోరు ఎండుతాదని మీరే కదా చెప్పింది.

తర్వాత, అనె ఆయమ్మ.
నన్ను కాదేమో అని పక్కకు జరిగినా.

సైకిల్ స్టాండు కాడ కూర్చుంటి.
మీ రూము కనపడతాది అక్కణ్ణుంచి.
ఫ్యాను తిరుగుతాండె. మీరు ఒకసారి
కిటికీ కాడికి వచ్చి నీళ్లు తాగినారు.
చెయ్యి ఎత్తుదామనుకుంటి,
వణుకుతాండె, కిందనే పెట్టుకుంటి.
పన్నెండుకు ఓపీ మూసినారు.

నిన్న ఫోన్ చేసె మీ కాడ్నుంచి ఒక పాప.
ఎందుకు రాలేదు? బస్సు లేకనా? దుడ్లు లేకనా?
బాగయిందని మానుకున్నావా? మర్చిపోయినావా?
ఊ, అంటి.
ఏది ఊ?
చివరిది.
మంచి పాప. ఏదో ఒక గడిలో నన్ను పెట్టుకోవాల కదా.

మాత్రలు ఇంకా ఏడు ఉండాయి.
హుసేనమ్మ నీళ్లకు పోయినప్పుడు
ఆకు కత్తిరించే బ్లేడుతో సగాలు చేసినా.
పద్నాలుగు.
ఒకటి సరిగ్గ తెగలేదు, పొడి అయిపాయె.
దాన్ని కూడా కాగితంలో మడిచినా సార్, పారెయ్యలేదు.