టెంకల కాలవ

ఏడు అర్జీలు ఇచ్చినాం.
ఏడిటి మీదా ఊదారంగు గుండ్రం ముద్ర.
సంఘం పెట్టెలో, పొదుపు పుస్తకాల కింద
పెండ్లిపత్రికల మాదిరి దాచుకున్నాం వాటిని,
జరగని పెండ్లివి.

చిత్తూరు కార్పొరేషన్ ఆఫీసులో అటెండరు చెంగల్రాయుడు
మమ్మల్ని చూస్తానే
ఫ్యాను కింద కుర్చీ లోపలికి లాగేసేవాడు.
"సారు క్యాంపుకు పోయినాడు" అనేవాడు.
సారు టిఫిన్ క్యారియరు మాత్రం
బల్ల మీదనే ఉండేది, వెచ్చగా.

జూన్ నెల. తోతాపురి లారీలు.
తొలివాన పడిన రాత్రి గిడ్డంగి వీధిలో
కాలవ మా ఇండ్లకు చుట్టపుచూపుగా వొచ్చింది,
టెంకల్ని వెంటేసుకోని.
తీపి కుళ్లితే వొచ్చే వాసన
సంగటి ముద్దలోకి గూడా దిగింది.

ఎనిమిదోసారి పోయేటప్పుడు
అరవాల్సిన మాటలన్నీ దావలోనే కూడగట్టుకున్నా నేను.
టైలరు గౌసియా అనింది:
"ఏడు తడవలు మనకేం కావల్లో చెప్పినాం.
ఈ తడవ ఆయనకేం కావల్లో అడుగుదాం."
నాకు నచ్చలేదు.
అయినా గమ్మునున్నా.

ఇంజనీరు హేమాద్రి తల ఎత్తలేదు.
"కాలవ ఎన్నడుగులు? యాడ మొదలు? యాడ తుద?
మా రికార్డులో మీ వీధికి కాలవే లేదమ్మా.
లేనిదాన్ని బాగుచేసేదానికి నాకు పవరు లేదు."

లేదంట.
మోకాళ్ల లోతు ఉండేది, లేదంట.

గౌసియా మెడలో జాకెట్లు కొలిచే టేపు, అయిదడుగులది.
ట్రాన్స్‌ఫార్మరు కాడ మొదలుపెట్టినాం.
కొలత కొలతకీ ఒక చిటికెడు ముగ్గుపిండి.
పిలకాయలు లెక్క తప్పించినారు.
మళ్లీ మొదట్నుంచి.
రెండువందల పద్దెనిమిది టేపులు.
పొదుపు పుస్తకం ఆఖరి పేజీలో
పెన్సిలుతో గీసినాం మా వీధి పేగును.

మరుసటి పొద్దన్నే వొచ్చినాడు హేమాద్రి సారు,
ఇనప టేపు తీసుకోని.
"పదహారడుగులు మీది ఎక్కువుండాది."
"పిండిమిషను గోడ కాడ కాలవ వొంపు తిరగతాది సారూ.
మీ టేపు నిటారుగా పోయింది.
నీళ్లు అట్ల పోవు."

మళ్లీ కొలిచినాడు,
వొంగి, టేపును చేత్తో గోడకు అదిమి.
లేస్తా లేస్తా ఒక టెంకను పట్టుకోని
"ఇవెవరివి?" అన్నాడు.

ఫ్యాక్టరీవి కొన్ని.
కూలికి మా ఇండ్లల్లో తొక్క తీసి
చీకట్లో తట్టలతో పోసినవి కొన్ని.
ఏడు అర్జీల్లో ఈ మాట యాడా రాయలేదు.
నేనే చెప్పినా.
నాలిక్కి మామిడి సొన తగిలినట్టయింది.

అదే పేజీలో రాసుకున్నాం:
ఆదివారం టెంకలు మేం ఎత్తల్ల.
మంగళవారం ట్రాక్టరు వాళ్లు పంపల్ల.

ట్రాక్టరు రాని మంగళవారాలు ఉండాయి.
ఫోన్లో నేనరిచిన అరుపులకు
పాలవాడు బండి తిప్పుకోని పోయినాడు.
మేం ఎత్తని ఆదివారాలూ ఉండాయి.
ఆయన అరవడు.
ఫోటో పంపిస్తాడు, కింద ఒక్క మాట లేకుండా.
అరుపే నయం.

ఇట్ల రెండు మామిడి కాపులు.
కాలవకు రాయి కట్టినారు.
బిల్లు యాడో ఇరుక్కుంటే ఆయనే ఫోన్ చేసినాడు:
"మీ సంఘం తీర్మానం రొంత తెండమ్మా.
నా మాట కన్నా మీ సంతకాలు బరువు."
ముప్పైనాలుగు పంపినాం,
పదకొండు వేలిముద్రలతో కలిపి.

మొన్న ఆయన్ని పలమనేరుకు మార్చినారు.
శాలువా వొద్దన్నాడు.
పుస్తకం అడిగి తీసుకోని
ఆఖరి పేజీలో ఏమో రాసి ఇచ్చేసినాడు.

ఈ పొద్దు కొత్త సారు.
తల ఎత్తలేదు.
"కాలవ ఎన్నడుగులు?"

చెంగల్రాయుడు కుర్చీ బయటికి లాగినాడు.
గౌసియా కూర్చోలేదు.
మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టింది,
పక్కనే పుస్తకం తెరిచి.

వొంపు కాడ, మా పెన్సిలు గీత మీద
నీలం సిరాతో హేమాద్రి సారు చేతిరాత:
ఇక్కడ వాళ్లనడిగి కొలవండి.