రెండో చూపు

తెల్లారి నాలుగున్నరకు కుళ్ళాయప్ప ఫోను:
"మోటరు కాలిపాయమ్మా. నీళ్ళు ఎప్పుడో అయిపోయినాయి.
నీ పెట్టె దాన్ని ఆపల్యా."

కళ్యాణదుర్గం అవతల మూడెకరాల చీనీ తోట.
ఏడువందల అడుగుల బోరు.
స్టార్టరు పక్కన గోడకు కొట్టిన నా పెట్టె,
దాని లోపల అరచేతంత కెర్నెల్.
దానికి చెప్పింది ఒకే పని:
నీళ్ళున్నాయా, చూడు. ఉన్నాయా, చూడు.
మళ్ళీ చూడు.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర
జిరాక్స్ షాపు మీది గదిలో
మూడు రాత్రులు నా కోడ్‌ను దొంగలా కూర్చోబెట్టి అడిగినాను.
ప్రతి బ్రాకెట్టూ తట్టినాను. సెన్సరు మార్చినాను, వైరు మార్చినాను,
చదువు చెప్పిన సారును కూడా అనుమానించినాను.
నడుమ ఒక ప్రింటు లైను పెడితే చక్కగా నడుస్తుంది,
తీస్తే మొద్దుబారిపోతుంది.
దయ్యమంటే ఇదేనేమో.

నాలుగో రాత్రి సి ఫైలు మూసేసి
కంపైలర్ కక్కిన అసెంబ్లీని పోగు పోగు విప్పినాను.
లేదు.
నేను రాసిన రెండో చూపు అక్కడ లేదు.
ఒక్కసారి చదివి, రిజిస్టర్‌లో దాచుకుని,
ఆ దాచుకున్నదాన్నే తిప్పి తిప్పి అడుగుతోంది:
నీళ్ళున్నాయా? ఉన్నాయి.
ఉన్నాయా? ఉన్నాయి.

'వోలటైల్' అని రాసినాను కదా!
ఇది మారేది, నమ్మొద్దు, ప్రతిసారీ పోయి చూసిరా అని.
ఆప్టిమైజేషన్ దారిలో ఎక్కడో ఆ మాటను మింగేసింది.
నాలుగు క్లాక్ సైకిళ్ళు ఆదా.
మోటరు రీవైండింగు పద్దెనిమిది వేలు.

"ఒగసారి చూస్తే సరిపోతాదా యాడన్నా?
పొద్దున నీళ్ళు మాపటికుంటాయని
ఈ పక్క పుట్టినోడు ఎవడూ అనడే."
ఆ కంపైలర్ ఈ పక్క పుట్టలేదు కుళ్ళాయప్పా, అన్నాను.
నవ్వలేదు.

తప్పు నాది కాదని తేలిన రాత్రి
నిద్ర పట్టాల్సింది.
ఉరవకొండలో, గుత్తిలో, రాయదుర్గంలో
అదే కంపైలర్‌తో కట్టిన పెట్టెలు ఇంకా నలభై ఒకటి.
వాటిలో ఏ చూపు చెరిగిందో, ఏ తాళం ఊడిందో!
కాళ్ళ కింద బండ అనుకున్నది
బండ కాదు, ఎవరో రాసిన ఇంకో కోడ్.

లూపు నడుమ ఒక అడ్డుకట్ట వేసి
పక్కన తెలుగులోనే రాసినాను:
ఈ లైను దండగ అనిపిస్తుంది. తీయొద్దు.

కొత్త మోటరు ఆన్ చేసినాం.
పెట్టె మీద పచ్చదీపం.
కుళ్ళాయప్ప దీపం దిక్కు చూడలేదు.
పైపు మీద చెయ్యి పెట్టినాడు.
తీసి, పంచెకు తుడుచుకుని,
మళ్ళీ పెట్టినాడు.