ఎడమ తలుపు

మూడోసారి వచ్చాడు కీత్ పాస్కో.
మూడోసారీ అదే ఎడమ తలుపు.
"నాసిరకం సరుకు అంటగడుతున్నావ్" అన్నాడు,
కాల్గూర్లీ ఎర్రదుమ్మంతా బూట్లకి మోసుకుని
నా షెడ్డులో అడుగు పెడుతూనే.
ముందు సీట్లో ఉండాల్సిన కుక్క, మస్టర్డ్,
వెనక సీట్లో ముడుచుకుని నావైపు చూసింది,
సాక్ష్యానికొచ్చి మాట మరిచిపోయినట్టు.

తలుపు అట్ట విప్పాను.
క్లిప్పులు రెండు లేవు, పోయినసారి విరగ్గొట్టింది నేనే.
స్పీకర్ బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా.
ఈ పనిలో చెవికంటే ముందు ముక్కు చెబుతుంది.
మాడిన వార్నిష్,
పోపులో ఇంగువ నల్లబడ్డ వాసన.
రెండు వేళ్లతో కోన్‌ని మెల్లగా నొక్కితే
గరగర.
లోపలి తీగచుట్ట ఉబ్బి
అయస్కాంతం గోడకి రాసుకుంటోంది.

నీళ్లు దిగితే ఇలా ఉండదు.
నీళ్లు దిగిన కోన్ నానిన అప్పడం, అంచున తుప్పు గీత.
ఎండకి పోతే చుట్టూ ఉన్న ఫోమ్ పెళుసెక్కి
గోరు తగిలితే పొడిపొడిగా రాలుతుంది,
నలభై నాలుగు డిగ్రీల ఊళ్లో అవి వారానికొకటి చూస్తాను.
దుమ్ము పట్టినది ముందు దగ్గుతుంది, రోజుల తరబడి.
ఇది అవేవీ కాదు.
లోపల్నుంచి కాలింది.

"సౌండు బాగా పెంచుతావా?"
జవాబు లేదు.
"సౌండు! పెంచుతావా అని!"
బోనెట్ మీద చేతులానించి అలాగే నిలబడ్డాడు.
పొగరనుకున్నాను.
ముప్పై ఏళ్లు గనిలో చేసినవాడికి
స్క్రూడ్రైవర్ పట్టిన ఆడమనిషి మాట ఆనదులే అనుకున్నాను.
అప్పుడు అరిచాను.
నా గొంతుకి అంత అరుపు లేదు.
పైకి వెళ్లిన చోట చీలిపోయి
రేకు మీద మేకు గీసినట్టు వచ్చింది.
మస్టర్డ్ చెవులు వంచేసింది.

అందరూ అనుకుంటారు పెద్ద మోతకి పోతాయని.
డప్పుకైతే మంట కావాలి, కాచిన కొద్దీ పలుకుతుంది.
స్పీకర్‌కి ఆ సెగే చావు.
చాలాసార్లు దాన్ని కాల్చేది బలమైన ఆంప్లిఫయర్ కాదు,
చాలీచాలనిది.
యాభై వాట్ల డబ్బాని వంద అడిగితే
నావల్ల కాదని చెప్పదది,
అల తల నరికి ఇస్తుంది.
శిఖరం ఉండాల్సిన చోట బల్లచదును.
ఆ చదును మీద కోన్ తటపటాయిస్తుంది,
కదలిక తగ్గిన చోట గాలాడదు,
గాలాడని చోట రాగి కాగుతుంది.
పాట మాత్రం ఇంకా వినబడుతూనే ఉంటుంది.
నిండు కుండ తొణకదు.
ఇది వెలితి కుండ, పైగా పొయ్యి మీద.

సరే, ఎడమదే ఎందుకు?
రెంటికీ ఒకటే ఆంప్లిఫయర్, ఒకటే వయసు, ఒకటే ఎండ.
కుడి తలుపులోది నిన్న పెట్టెలోంచి తీసినట్టుంది.
డ్రైవర్ సీట్లో కూర్చుని, తాళం తిప్పి,
తెర మీద సెట్టింగులు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయాను.
బ్యాలెన్స్ చుక్క
మధ్యలో లేదు.
ఎడమ అంచుకి,
ఇంక జరగడానికి చోటు లేనంత జరిగి ఉంది.

ఆ సీట్లోనే కాసేపు ఉండిపోయాను.
ఇక్కడ కూర్చున్న మనిషికి కుడిచెవి కిటికీ వైపు.
ఎడమచెవి కుక్క వైపు.
గనిలో పేలుళ్లు ఏ పక్క నుంచి వచ్చేవో
నేనెప్పుడూ అడగలేదు.
ఇంతసేపూ నేను అరిచింది అతని కుడిపక్కన.

దిగి, బోనెట్ చుట్టూ నడిచి
ఎడమ భుజం దగ్గరికి వెళ్లాను.
మామూలు గొంతుతో, కాస్త తగ్గించే,
"కీత్, తప్పు స్పీకర్లది కాదు" అన్నాను.

తల తిప్పి
మొదటిసారి నా ముఖం చూశాడు.
"అరవక్కర్లేదు" అన్నాడు,
"వినబడుతోంది."

బిల్లులో పెద్ద ఆంప్లిఫయర్ రాశాను,
స్పీకర్ ఖరీదు కొట్టేశాను.
గెయిన్ సగానికి దించి, ఆ చుక్కని
కొంచెం, పూర్తిగా కాదు, మధ్యకి జరిపాను.
ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు కీత్.
మస్టర్డ్ ఎక్కాలా వద్దా అని
ఇంకా ఆలోచిస్తోంది.